నాలా పక్క పాముల గోదాం

అటవీ శాఖలో చేరితే అడవిలో ఉంటామనుకునే పిల్లలు ఇప్పటికీ కనిపిస్తుంటారు. నేనూ అలా అనుకునే చేరాను. ఎలుగుబంటి ఎదురొచ్చిన చోట్ల, కలప దొంగలు గొడ్డళ్లు పట్టుకుని నిలబడ్డ చోట్ల పనిచేశాను. అయినా నా సర్వీసు మొత్తంలో నిజంగా భయపడ్డ రోజేదని అడిగితే మాత్రం, హైదరాబాద్ అశోక్‌నగర్‌లో మురుగునీటి నాలా వైపు దిగే ఒక ఇరుకు సందులో గడిచిన మధ్యాహ్నం గురించే చెబుతాను.

తొంభైల్లో మాట ఇది. నన్ను జిల్లా నుంచి తీసి హైదరాబాద్‌లో ఒక దళంలో వేశారు. తోళ్లు, గోళ్లు, చిలకలు, తాబేళ్లు దొంగతనంగా అమ్మేవాళ్లను పట్టుకోవడం మా పని. దళం అనగానే పెద్దగా ఊహించుకోకండి. రేంజ్ ఆఫీసర్‌గా నేను, రిటైర్మెంటుకు దగ్గరపడ్డ ఒక గార్డు, ఒక డ్రైవరు, ఎత్తు ఎక్కేటప్పుడు మూలిగే ఒక జీపు. మా మీద పెద్దసారు. నారాయణగూడలో ఒక పాత ఇంటి కింది వాటా కిరాయికి తీసుకుని ఆఫీసు నడిపేవాళ్లం. డ్రైవరుది పాలమూరు వైపు పల్లె. పాము అన్న మాట నోట పలకడు. పలికితే వస్తుందని భయం. 'పురుగు' అంటాడు. అలాంటివాణ్ని ఏరి కోరి మా దళంలో ఎవరు వేశారో నాకు చివరిదాకా తెలియలేదు.

ఒక పొద్దున పెద్దసారు బల్ల ముందు ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. డెబ్బై దాటిన మనిషి. నేత చీర, కాళ్లకు కాన్వాసు బూట్లు, ఒళ్లో స్టీలు టిఫిన్ డబ్బా. నేను లోపలికి వెళ్లేసరికి డబ్బా మూత తీసి బల్ల మధ్యలో పెట్టింది. అందులో చుట్ట చుట్టుకుని పచ్చటి పాము. చచ్చిపోయి ఉంది. చాయ్ తెచ్చిన డ్రైవరు గ్లాసులు గడప దగ్గరే వదిలేసి వెనక్కి నడిచాడు.

"మా ఇంటి వెనక సందుల, చెత్తకుండి పక్కన దొరికింది," అందావిడ. "వెదురు పొదల్లో బతికే పింజర ఇది. అశోక్‌నగర్ల వెదురు పొద ఏడుందో జర చూపిస్తరా?"

పెద్దసారు అప్పటికే లేచి నిలబడ్డారు. పాముకు భయపడి కాదు. ఆమె ఎవరో ఆయనకు తెలుసు.

మా శాఖలో ఆమెను అందరూ టీచరమ్మ అనేవారు. ఆడపిల్లల కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. ఆడవాళ్లు ఒంటరిగా బస్సెక్కితేనే వింతగా చూసే కాలంలో, సెలవులు రాగానే ఒక సంచి భుజాన వేసుకుని పాలమూరు జిల్లా చివర ఉన్న ఒక అడవికి వెళ్లిపోయేవారట. అక్కడి గూడెంలో ఒక ఇంట్లో గడ్డివామి పక్కన పడుకునేవారు. ఆ ఇంటాయనే ఆమెకు అడవి చూపించాడు. ఏ లోయలో ఏ పిట్ట గుడ్లు పెడుతుంది, ఏ గుహలో ఎలుగు ఈనుతుంది, ఏ రాతి కింద ఏ పాము ఎండాకాలం గడుపుతుంది, అన్నీ చూసి, రాసి, ప్రభుత్వం వెంటపడ్డారు. అప్పట్లో అక్కడ వెదురు కంట్రాక్టర్లదే రాజ్యం. ఒకసారి ఆమె జీపుకు అడ్డంగా చెట్టు నరికి పడేశారు. ఆమె దిగి, ఆ చెట్టు మీద కూర్చుని, డబ్బా తీసి అన్నం తిన్నారని మా గార్డు చెప్పేవాడు. చివరికి ఆ అడవిని అభయారణ్యంగా ప్రకటించారు. నరకడం, వేట, లోపలి నుంచి దేన్నైనా బయటికి తీసుకెళ్లడం అన్నీ బంద్. ఇప్పుడు అక్కడ మీరు చూస్తున్న ప్రతి చెట్టూ ఆ మనిషి మొండితనం వల్లే నిలబడింది.

అలాంటి మనిషి చచ్చిన పామును డబ్బాలో పెట్టుకుని వచ్చింది. ఆ పచ్చ పింజర ఆమె అడవిది. ఎవరో అక్కడి నుంచి పాములు పట్టి నగరానికి తెస్తున్నారని అర్థం.

గార్డు ఆ సందుల్లో రెండు మూడు రోజులు చాయ్ తాగుతూ తిరిగాడు. ఉద్యోగాల పరీక్షలకు చదువుకునే పిల్లల హాస్టల్ ఒకటి నాలా ఒడ్డున ఉంది. దాని కింద, రోడ్డు కంటే లోతుగా, ఒక గోదాం. నాటు మందులు అమ్ముకునే వ్యాపారి కిరాయికి తీసుకున్నాడట. లోపలి నుంచి ఏదో వాసన వస్తోందని, అడిగితే వేర్లు నానబెట్టామని చెప్పారని హాస్టల్ పిల్లలు అన్నారు. తాళంచెవి వ్యాపారి గుమాస్తా దగ్గర ఉంటుంది. రోజూ ఒక కూలీమనిషి వచ్చి, గుమాస్తా తలుపు తీస్తే లోపలికి వెళ్లి, కాసేపుండి పోతాడు.

వ్యాపారి పేరు మా ఫైళ్లలో ఏళ్లుగా ఉంది. తోళ్ల కోసం జెర్రిపోతులు, విషం కోసం నాగులు, పింజరలు కొంటాడు. వాడి ఫోటో కూడా మా దగ్గర ఉంది. మనిషి మాత్రం ఎప్పుడూ దొరకలేదు. సరుకు ఒక చోట, వాడు ఇంకో చోట.

"సరుకు తీసుకపోయే రోజు వాడే వస్తడు. అప్పటిదాంక తాళం ముట్టొద్దు," అన్నారు పెద్దసారు.

"అవి సరుకు కాదు. సంచులల్ల ఊపిరాడక చస్తున్నయి," అన్నారు టీచరమ్మ.

"అమ్మా, ఇయ్యాల సంచులు పట్టుకుంటే రేపు వాడు ఇంకో గోదాం చూసుకుంటడు. మీ అడివిల ఇంక పాము అనేది మిగలది."

ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. ఆమె గొడుగు తీసుకుని వెళ్లిపోయారు. కానీ మేము గోదాం ఎదురుగా ఉన్న చాయ్ హోటల్లో కాపలా కూర్చున్న ప్రతి రోజూ ఒకసారి గొడుగుతో వచ్చి, మమ్మల్ని చూసి పోయేవారు. ఆ చూపు కంటే తిట్టే మేలనిపించేది.

ఆ రోజు పొద్దుటి నుంచే వాన. మధ్యాహ్నానికి ఆకాశం నల్లబడి హోటల్లో లైటు వేశారు. పెద్దసారు పొద్దున్నే చెప్పారు, ఈ రోజు వ్యాపారి స్వయంగా వస్తున్నాడని గట్టి ఖబర్ ఉందని. మేము కళ్లు తిప్పకుండా కూర్చున్నాం. చూస్తుండగానే నాలా రంగు మారింది. ఇళ్ల వెనక మట్టిరంగు నీళ్లు ఒడ్డు ఎత్తున పోతున్నాయి. తర్వాత సందులోనూ నీళ్లు కాలువ కట్టాయి. ఆ నీళ్లు గోదాం మెట్ల మీద నుంచి లోపలికి దిగడం మొదలుపెట్టాయి.

హోటల్ ఫోనులో పెద్దసారుకు చేశాను.

"సార్, గోదాంలకు నీళ్లు పోతున్నయి."

"వాడు బయలుదేరిండని ఇప్పుడే తెలిసింది. జర ఓపిక పట్టు."

"నీళ్లు ఓపిక పడతలేవు సార్."

"తాళం ముట్టొద్దని చెప్పిన గదా!" అని పెట్టేశారు.

తిరిగి వచ్చేసరికి టీచరమ్మ మెట్ల దగ్గర నిలబడి ఉన్నారు. గొడుగు వంగిపోయింది. మోకాళ్ల కింద చీర తడిసి ఒంటికి అంటుకుంది. అప్పుడే సందు కింది వైపు నుంచి ఒకడు నడుం లోతు నీళ్లలో ఈదుతున్నట్టు వచ్చాడు. ఆ కూలీమనిషి. నేరుగా గోదాం తలుపు దగ్గరికి దిగి తాళాన్ని రాయితో కొట్టడం మొదలుపెట్టాడు. గార్డు వెనక నుంచి పట్టుకున్నాడు. వాడు పెనుగులాడాడు.

"ఇడువుర్రి! తాళం చెవి వాళ్ల దగ్గరున్నది, ఒక్కడు రాలే. లోపల పురుగులున్నయి సార్. సంచులు శాన ఉన్నయి. వెనక కిటికీ దాంక నీళ్లొస్తే అన్నీ నాలాలకు పోతయి. కింద మా గుడిసెలున్నయి. నా పెండ్లం పిల్లలు ఆడనే ఉన్నరు!"

పోలీసు గుర్తొచ్చి పారిపోవాలన్న ఆలోచన కూడా లేదు వాడికి. అప్పటిదాకా నేను లెక్కలోకి తీసుకున్నది పాములనూ, వ్యాపారినీ. నాలా కింద బస్తీ ఉందన్నది కళ్లెదుటే ఉన్నా తలకెక్కలేదు.

టీచరమ్మ వాడి ముఖంలోకి చూస్తున్నారు. "నువ్వు..." అన్నారు. "నువ్వు గూడెంల ఆయన కొడుకువు గదా?"

వాడు పెనుగులాట ఆపేశాడు. ఆమెను గుర్తుపట్టాడని తెలుస్తూనే ఉంది. తల దించుకున్నాడు. గూడెంలో ఆమె ఏ ఇంట్లో పడుకునేవారో ఆ ఇంటి పిల్లవాడు వాడు.

"జాకీ రాడ్ తే," అన్నాను డ్రైవరుతో.

"సార్, పెద్దసారు..."

"తే!"

తాళం రెండు దెబ్బలకే ఊడింది. తలుపు లోపలికి తెరుచుకోగానే మెట్ల మీది నీళ్లు మమ్మల్ని కూడా లాగబోయాయి. లోపల చీకటి. టార్చి వేశాను. గోడల వెంట కర్ర అరలు. అరల మీద గోనెసంచులు. కింది అరలు అప్పటికే మునిగాయి. కొన్ని సంచులు తేలుతూ మెల్లగా తిరుగుతున్నాయి. వాటిలో ఒకటి కదిలింది. దాని అంచు చినిగి ఉంది.

టీచరమ్మ అప్పటికే పనులు చెప్పేస్తున్నారు. హాస్టల్ పిల్లల్ని పిలిచి కరెంటు మెయిన్ ఆపించారు. అందర్నీ పై అంతస్తుకు పొమ్మన్నారు. "మీ బకెట్లు, డ్రమ్ములు, దుప్పట్లు కిందికి ఇయ్యుర్రి. మీరు మాత్రం దిగొద్దు," అన్నారు. పరీక్ష హాల్లో నిలబడ్డ టీచరు గొంతు అది. ఎదురు చెప్పే ఆలోచన ఎవరికీ రాలేదు.

ఏ సంచి ఎక్కడుందో తెలిసింది ఆ కూలీమనిషికే. జీపు లాగే తాడు అతని నడుముకు కట్టాం. రెండో కొస నేను నా నడుముకు తిప్పి, తలుపు చట్రానికి కాలు తన్నిపెట్టి పట్టుకున్నాను. లోపలికి పోయే నీళ్లు వెనక గోడ కింద ఏదో కన్నంలోంచి నాలా వైపు గుంజుతున్నాయి. ఆ గుంజుడు తాడులో తెలుస్తోంది. వాడు ఒక్కో సంచీ మెడ పట్టి అందిస్తున్నాడు. గార్డు అందుకుని డ్రైవరుకు ఇవ్వాలి. డ్రైవరు మొదటి సంచి ముందు చేతులు ముడుచుకుని నిలబడిపోయాడు.

"నావల్ల గాదు సార్. పురుగు సార్."

"మూతి గట్టిగ కట్టి ఉంది నాయనా," అన్నారు టీచరమ్మ. "ఒంటికి దూరంగ, మెడ దగ్గర పట్టుకో. నువ్వెంత భయపడుతున్నవో లోపలున్నది కూడా గంతే భయపడుతున్నది."

వాడు కళ్లు మూసుకుని పట్టుకున్నాడు. కళ్లు మూసుకునే మెట్లెక్కాడు. ఆ రోజు వాడు పైకి మోసిన సంచులన్నీ కళ్లు సగం మూసుకునే మోశాడు. కానీ ఒక్కటీ కింద పడేయలేదు.

పైకి వెళ్లే మెట్ల మొదట్లో టీచరమ్మ కూర్చుని, వచ్చిన ప్రతి సంచిని చెవి దగ్గర పెట్టుకున్నంత దగ్గరగా చూసి పంపుతున్నారు. "బతికున్నది. పైన తడి గోనె తీసి లోపలి గుడ్డసంచి అట్లనే ఉంచుర్రి." కొన్నింటిని మాత్రం పక్కకు పెట్టేవారు.

అప్పుడే పైనుంచి ఒక విద్యార్థి అరిచాడు. "మేడం! మీ పక్కన!"

చినిగిన సంచీలోది. నల్లనాగు. నీళ్లలోంచి మెట్టు మీదికి పాకి, ఆమె బూటు పక్కన పడగ ఎత్తి నిలబడింది. పడగ వెడల్పు నా అరచేతంత. తాడు చేతిలో ఉన్న నేను కదల్లేను. గార్డు కర్ర ఎత్తాడు.

"కర్ర దించు," అన్నారామె, పెదవులు కదిలీ కదలకుండా. "అందరు ఆగుర్రి. దానికి నేను మెట్టునే."

నేను మెట్టునే అన్న మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. నిజంగానే ఆమె మెట్టైపోయారు. ఊపిరి తీస్తున్నట్టు కూడా తెలియలేదు. పాము కాసేపు అటూ ఇటూ చూసి, పడగ దించి, ఆమె బూటు మీదుగా పాకి, అవతల పక్కకు పడుకోబెట్టి ఉన్న మంచినీళ్ల కుండలోకి, ఆ చీకట్లోకి తనంతట తానే దూరింది. అలా దూరాలనే ఆమె ఆ కుండను ముందే అక్కడ పెట్టించారు. కుండను మెల్లగా నిలబెట్టి, మూతికి పళ్లెం మూసి, దాని మీద రాయి పెట్టి, "కానియ్యుర్రి," అన్నారు.

ఇక చివర్లో జరిగింది చెబుతాను. లోపల నీళ్లు వాడి మెడ దాకా వచ్చాయి. "ఇంకొక్కటి ఉన్నది సార్, అర కింద ఇరికింది. రక్తపింజరలు," అని కేకేసి మునిగాడు. తాడు బిగుసుకుంది. డ్రైవరు పైన ఉన్నాడు. గార్డు నా పక్కన.

సందు పై కొసలో ఒక తెల్ల వ్యాను వచ్చి ఆగింది. గుమాస్తా గొడుగు విప్పి దిగాడు. ముందు సీట్లో కూర్చున్నవాడు అద్దం తుడిచి ఇటు చూశాడు. ఫోటోలో చూసిన ముఖమే. ఏళ్ల తరబడి మా శాఖ వెతికిన ముఖం, కేకేస్తే వినబడేంత దూరంలో.

"సార్! వాడే! ఉరుకుర్రి సార్!" అని గార్డు నా భుజం పట్టి ఊపాడు. "తాడు నాకిచ్చి ఉరుకుర్రి!"

తాడు ఒక్కసారి నన్ను ముందుకు లాగింది. లోపల వాడు వెనక కన్నం గుంజుడులో పడ్డాడని అర్థమైంది. గార్డుకు అరవైకి దగ్గర. ఒకసారి గుండె నొప్పి వచ్చి లేచిన మనిషి. టీచరమ్మ వైపు చూశాను. ఏదో ఒకటి చెబుతారని. ఆమె వ్యాను వైపు చూడలేదు, నా వైపూ చూడలేదు. తాడు నీళ్లలోకి దిగే చోటే చూస్తున్నారు.

నేను వదల్లేదు. ఇందులో గొప్పగా ఆలోచించిందేమీ లేదు. చేతులు వదల్లేదు, అంతే. గార్డు కూడా కర్ర పడేసి నా వెనక తాడు పట్టుకున్నాడు. వ్యాను వెనక్కి తిరుగుతున్న చప్పుడు విన్నాను. మేమిద్దరం లాగాం. ముందు సంచి పైకి వచ్చింది, తర్వాత దాన్ని పట్టుకున్న చేయి, తర్వాత తల. వాడు దగ్గుతూ మెట్ల మీద బోర్లా పడ్డాడు. అప్పటికీ సంచిని ఒంటికి దూరంగానే పట్టుకుని ఉన్నాడు.

వాన తగ్గాక పెద్దసారు ప్యాంటు మోకాళ్ల పైకి మడుచుకుని వచ్చారు. చిక్కడపల్లి చౌరస్తా దగ్గర నీళ్లలో జీపు ఆగిపోతే అక్కడి నుంచి నడిచే వచ్చారట. విషయం విని నన్ను పక్కకు పిలిచారు.

"కండ్ల ముందట ఉన్నోణ్ని ఇడిసిపెట్టినవ్. తాడు గార్డుకు ఇస్తే ఏమయితుండె?"

"ఇద్దరు పోతుండె సార్."

ఆయనకు కోపం తగ్గలేదు గానీ, మెట్ల మీద వరసగా పెట్టిన బకెట్లను, డ్రమ్ములను, వాటి మీద కప్పిన హాస్టల్ దుప్పట్లను చూశారు. చచ్చినవి ఒక మూల గోనె మీద పెట్టి ఉన్నాయి. వాటిని చూసి టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నారు. తర్వాత హోటల్ ఫోను దగ్గరికి వెళ్లి, మేజిస్ట్రేటుతో మాట్లాడి, పాముల్ని మర్నాడే అడవిలో వదలడానికి అనుమతి తెచ్చింది ఆయనే. ఈ మాట కూడా చెప్పాలి.

ఆ పాములన్నీ పట్టి తెచ్చింది తనేనని ఒప్పుకున్న కూలీమనిషి హాస్టల్ మెట్ల మీద ఎవరో ఇచ్చిన తువ్వాలు కప్పుకుని చాయ్ తాగుతున్నాడు. బస్తీ నుంచి పెళ్లాం పిల్లలు క్షేమంగా ఉన్నారని కబురొచ్చింది. టీచరమ్మ పక్కన కూర్చున్నారు.

"మీ నాయన ఎట్లున్నడు?"

"పోయిండమ్మా. అడివి బంద్ జేసి ఊరు లేపినంక రెండేండ్లు గూడ ఉండలే. ఇటుకల బట్టి దగ్గర కాపలాకు పెట్టిన్రు. చెట్టు లేని జాగల పండుకోలేకపోయేటోడు."

జారిన తువ్వాలును ఆమె వాడి భుజం మీదికి సర్దారు.

"నాయన మిమ్మల్ని తిట్టలేదమ్మా. సచ్చేదాంక మా టీచరమ్మ, మా టీచరమ్మ అనుకుంటనే ఉన్నడు. తిట్టింది నేనే." గ్లాసు కింద పెట్టాడు. "మీ అడివి మంచిగనే ఉన్నదమ్మా. మేమే లేము."

"మిమ్మల్ని లేపుతున్నరని నాకు తెలిసింది," అన్నారు టీచరమ్మ. "వేరే చోట భూమి ఇస్తరన్నరు. నమ్మిన. వచ్చి చూడలే. అడివి బంద్ అయినందుకు సన్మానం చేస్తుంటే శాలువా కప్పుకుంట తిరిగిన." వాడి వైపు తిరిగి, "నువ్వు తిట్టింది తప్పు కాదు," అన్నారు.

వాణ్ని అరెస్టు చేశాం. చెయ్యక తప్పదు. మర్నాడు పాముల్ని వదలడానికి వెళ్లినప్పుడు జీపులో వాడూ ఉన్నాడు. లోయ దగ్గర గార్డు వాడి చేతులు విప్పితే, వాడే సంచుల మూతులు విప్పాడు. నాగులు గబగబా పోయాయి. పింజరలు మాత్రం ఎండలో కదలకుండా పడుకున్నాయి. మేము కంగారుపడుతుంటే, "పోతయి, మనం ముందుగల పోవాలె," అన్నారు టీచరమ్మ. మేము వెనక్కి తిరిగి కొంచెం దూరం నడిచాం. మళ్లీ చూస్తే లేవు.

కోర్టులో ఆమె తనంతట తాను సాక్ష్యం చెప్పారు. "ఇతను పాములు పట్టిండు. అది నిజం. వాటి కోసం, బస్తీ కోసం నీళ్లలకు దిగిండు. అది గూడ నిజమే. రెండు రాసుకోండి," అన్నారు. జైల్లో అప్పటికే గడిపిన కాలమే శిక్షగా లెక్కేసి వదిలేశారు. వ్యాపారి మాకు దొరకలేదు. ఎక్కడో పక్క రాష్ట్రంలో పట్టుబడ్డాడని తర్వాత విన్నాను. నిజమో కాదో తెలియదు.

ఆదేశం మీరి తాళం పగలగొట్టినందుకు నాకు మెమో వచ్చింది. జవాబు రాశాను. జవాబు సంతృప్తికరంగా లేదని శిక్షగా నగరం నుంచి తీసి ఆ అడవికే రేంజ్ ఆఫీసర్‌గా వేశారు. నగరానికి వచ్చిన నాటి నుంచి నేను అడుగుతున్నది తిరిగి అడవిలో ఉద్యోగమే. మెమో వస్తే తప్ప ఇవ్వలేదు.

టీచరమ్మ ఆ వయసులో మళ్లీ ఆఫీసుల చుట్టూ తిరగడం మొదలుపెట్టారు. ఈసారి అడవి కోసం కాదు, అడవి నుంచి లేపిన మనుషుల కోసం. వాళ్లకు తేనె, చింతపండు ఏరుకునే హక్కు ఉండాలని, కాపలా ఉద్యోగాలు వాళ్లకే ఇవ్వాలని. ఆమెను చూసి ఈ దారిలోకి వచ్చిన కుర్ర పరిశోధకులకు కోపమొచ్చింది. ఒకడు నా ముందే అడిగాడు. "ఇన్నేళ్లు మీరు చెప్పినదానికి మీరే ఎదురు మాట్లాడుతున్నారు మేడం."

"అప్పుడు నాకు తెలిసింది అంత నాయనా. ఇప్పుడు ఇంకొంచెం తెలిసింది," అన్నారు.

అడిగినవన్నీ రాలేదు. భూమి సంగతి తేలనే లేదు. కానీ ఊరి సమితి తరఫున కొందరిని కాపలాదార్లుగా తీసుకునే వీలు వచ్చింది. వాళ్లలో గోదాంలో తాడు కట్టుకుని దిగినవాడూ ఒకడు. పాముల కేసులో ఉన్నవాణ్ని ఎలా తీసుకుంటారని పై ఆఫీసు నుంచి ప్రశ్న వచ్చింది. తీసుకున్నది సమితి, శాఖ కాదు అని జవాబు రాశాను. ఆ ఒక్క జవాబు మాత్రం వాళ్లకు సంతృప్తికరంగానే అనిపించినట్టుంది.

టీచరమ్మ ఆఖరిసారి ఆ అడవికి వచ్చినప్పుడు నడవలేకపోయారు. జీపులో తిప్పాను. లోయ అంచున కుర్చీ వేస్తే సాయంత్రం దాకా కూర్చున్నారు. తిరిగి వస్తుంటే చెక్‌పోస్టు దగ్గర గేటు పడి ఉంది. వాడు ఖాకీ చొక్కాలో బయటికి వచ్చాడు. ఆమెకు దండం పెట్టడానికి అనుకున్నాను. పెట్టాడు. పెట్టి, "సార్, బండి చూడాలె. జర దిగుర్రి," అన్నాడు.

నేను వాడి రేంజ్ ఆఫీసర్ని. దిగాను. సీట్ల కింద చూశాడు, వెనక తలుపు తీసి చూశాడు. తర్వాత ఆమె వైపు వచ్చి నిలబడ్డాడు.

"అమ్మా, మీ సంచి."

ఆమె సంచి తీసి ఇచ్చారు. మంచినీళ్ల సీసా, మందులు, కళ్లజోడు పెట్టె. అన్నిటికన్నా అడుగున నల్లా తెల్లా చారల ఏదుపంది ముల్లు ఒకటి. లోయ దగ్గర కుర్చీ పక్కన దొరికితే ముచ్చటపడి సంచిలో వేసుకున్నట్టున్నారు.

"ఇది ఈడనే ఉండాలెనమ్మా," అన్నాడు.

"అవును, ఉండాలె," అన్నారామె.

వాడు ఆ ముల్లును తీసుకెళ్లి దారి పక్క పొదలో జాగ్రత్తగా పెట్టి వచ్చాడు. గేటు ఎత్తాడు. బండి కదిలాక ఆమె సంచి మూతి బిగించి కిటికీ వైపు తిరిగారు. నొచ్చుకున్నారేమోనని నేను క్షమాపణ చెప్పబోయాను. తారురోడ్డు ఎక్కాక ఒక్కసారిగా నవ్వడం మొదలుపెట్టారు. కళ్ల నీళ్లు వచ్చేదాకా, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు.

"ఈ అడివిల నుంచి ఈక ముక్క గూడ బయటికి పోనియ్యొద్దని రూలు రాసిచ్చింది నేనే నాయనా," అన్నారు. "ఇన్నేండ్లల్ల నన్ను ఆపినోడు వీడొక్కడే."